తఫ్వాచి వదిన గడప దాటిన రోజు

ఎవరు, మీ నాయనమ్మా? ఆవిడ గురించి తెలుసుకోవాలని అడుగుతున్నావా, పెండలం తొక్క తియ్యడం తప్పించుకోడానికి అడుగుతున్నావా? సరే, చేతులాడిస్తూనే విను. నీ చెయ్యి ఆగితే నా నోరూ ఆగిపోద్ది, ముందే చెప్తున్నా. ఆ కత్తి అలా పట్టుకోకే, వేలు తెగుద్ది. లిలాంగ్వే పట్నంలో పెరిగిన పిల్లవి, పెండలం పిండి సంచిలోనే పుడుతుందనుకుంటావు. ఊఁ, ఏమన్నాను, మీ నాయనమ్మ. నాకు వదిన. మా అన్నయ్య నహూము పెళ్ళాం. ఆవిడ పేరు నీకు తెలుసు కదా, తఫ్వాచి అని. అర్థం తెలుసా? మన మాట నీకు సరిగా రాదుగా. ‘ఏం చేశామని చచ్చాం’ అని అర్థం. ఆడపిల్లకి పెట్టే పేరా అది అంటావు. ఇక్కడ పెడతారమ్మా. ఆవిడకి ముందు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోది పుట్టేసరికి వాళ్ళ నాన్న ఇక ఎవర్నడగాలో తెలీక, ఇటు ఊరివాళ్ళనీ అటు దేవుణ్ణీ కలిపి ఆ పేరుతో అడిగాడు. అలా పిలిచినప్పుడల్లా చావు మాటే వినపడేది మా వదినకి. ‘తఫ్వాచీ, నీళ్ళు తే. తఫ్వాచీ, పొయ్యి వెలిగించు.’ చూడు మరి. మిషను సంఘంలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరు గారు లూదియ అని పేరు పెట్టారు. ఎవడు పిలిచాడు? పాస్టరు గారే మర్చిపోయారు.

ఆ పేరొక్కటీ అయితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదులే. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ రేవులో జ్వరాలు వచ్చాయి. సోమవారం అమ్మ పోయింది, మంగళవారం నాన్న పోయాడు. వాళ్ళ ఇల్లు ఊరికి దూరంగా రాళ్ళ వెనకాల ఉండేది. ఎవరికీ తెలీలేదు. ఈ పిల్ల ఒక్కతే ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది, బుధవారం మధ్యాహ్నం చేపలోళ్ళు నీళ్ళ కోసం దోనె ఆపేదాకా. ‘ఏమ్మా, మీ వాళ్ళేరి?’ అని అడిగితే, ‘పడుకున్నారు, గట్టిగా మాట్లాడకండి’ అందంట. అది ఆవిడ నాకు ముసలితనంలో చెప్పింది. అప్పుడు మాకు ఇవేం తెలీవు. అన్నయ్య చేసుకొచ్చిన పిల్ల పొడుగ్గా ఉంది, పాట బాగా పాడుద్ది, చేపల పులుసు పల్చగా చేస్తుంది, ఇంతే తెలుసు. తర్వాత తర్వాత తెలిసొచ్చింది, ఈ పిల్లకి చావంటే భయమని. భయం అందరికీ ఉంటుంది, నాకు లేదా? కానీ మా వదినది వేరే రకం. ఆవిడ కాపురం చేసింది మా అన్నయ్యతో కాదమ్మా, ఆ భయంతో.

నవ్వొచ్చే సంగతులు కూడా ఉన్నాయి. అన్నయ్య వలేసి వచ్చి మధ్యాహ్నం చాప మీద కాస్త నడుం వాల్చేవాడు. ఈవిడ వచ్చి గుండె మీద చెయ్యి పెట్టేది. ‘ఏమండీ, ఉన్నారా?’ ‘ఉన్నానే. నువ్వు నిద్రపోనిస్తే ఇంకొన్నాళ్ళు ఉంటాను.’ మళ్ళీ కాసేపటికి, ‘ఏమండీ.’ పాపం మా అన్నయ్య చివరికి దోనెలోనే పడుకునేవాడు. ఇంకోసారి మంచం చేయిస్తానని వడ్రంగిని పిలిచాడు. ఆ వడ్రంగి గిద్యోను అని, అప్పుడు ఊళ్ళో శవపెట్టెలు కొట్టేదీ వాడే. వాడు తాడు తీసి, ‘పొడుగెంతో చూద్దాం, ఇలా నిలబడమ్మా’ అన్నాడో లేదో, మా వదిన లేదు. పెరట్లో లేదు, రేవులో లేదు, పొద్దు వాలేవేళకి మా పెద్దక్క ఇంటి గాదె వెనకాల దొరికింది. ఇక మీ నాన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. సరస్సు ఒడ్డున పుట్టి ఈత రాని మగాడు ఈ తీరంలో మీ నాన్న ఒక్కడే. ఎందుకు రాదో ఎప్పుడైనా అడిగావా? పన్నెండేళ్ళొచ్చేదాకా నీళ్ళలో మోకాలు మునగనివ్వలేదు వాళ్ళమ్మ. మిగతా పిల్లలు దోనె మీంచి దూకుతుంటే వీడు ఒడ్డున రాళ్ళేరుకునేవాడు. నవ్వు, నవ్వు. మీ నాన్నకి చెప్పకులే, మంత్రుల ఆఫీసులో పెద్ద ఉద్యోగం.

కానీ నవ్వలేనివి కూడా ఉన్నాయి. ఇక్కడ చావింటికి వెళ్ళకపోవడమంటే ఏంటో నీకు తెలీదు. పెళ్ళికి పోకపోయినా పర్లేదు. చావుకి పోకపోతే, ‘అయితే నీ చావుకి ఎవరొస్తారు’ అంటారు, అంతకంటే పెద్ద తిట్టు మనకి లేదు. చర్చి గంట అంటే గంట కాదులే, లారీ చక్రం రిమ్ము వేలాడదీసి కొట్టేవాళ్ళు. చావు కబురైతే ఒక్కొక్క దెబ్బ, ఆగి ఆగి. ఆ చప్పుడు వినపడగానే మా వదిన పార భుజాన వేసుకుని కొండ మీద పెండలం తోటకి వెళ్ళిపోయేది. మూడు రోజులు దిగేది కాదు. చర్చికి మాత్రం ఒక్క ఆదివారం తప్పేది కాదు. పాటలన్నీ పాడేది. సమాధి మాటొచ్చే చరణం దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చేది ఆవిడకి. మేం ఆడవాళ్ళం ఒకళ్ళనొకళ్ళం మోచేత్తో పొడుచుకునేవాళ్ళం. ‘అదిగో, దగ్గొచ్చింది.’

అలా ఉండగా మా అమ్మ పోయింది. ఆవిడకి సొంత అత్తగారు. గంట కొట్టారు. ఈవిడ కొండెక్కేసింది. ఊరంతా వచ్చారు, పక్క ఊళ్ళ నుంచి వచ్చారు, దోనెల్లో వచ్చారు. కోడలేదీ? వచ్చినవాళ్ళందరూ అదే అడగడం. అన్నయ్య తలెత్తలేకపోయాడు. నేను అమ్మని కడిగాను, నేను చాప చుట్టాను, నాకు సాయం పట్టాల్సిన చేతులు కొండ మీద పెండలం తవ్వుతున్నాయి. నాలుగో రోజు దిగొచ్చింది. బావి దగ్గర పదిమంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందు అన్నాను నేను. ఏమన్నానో చెప్తాను, దాచడమెందుకు ఈ వయసులో. ‘నీ శవం దగ్గరికి నక్కలు కూడా రావు’ అన్నాను. మా వదిన బిందె దింపింది, నా మొహం వంక చూసింది, ‘నాకు తెలుసు దోర్కా’ అంది. అంతే. నేను రెండేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఆ పక్క ఇల్లూ ఈ పక్క ఇల్లూ, మధ్యలో ఒక అరటి చెట్టు, రెండేళ్ళు. ఇదిగో, ఆ తొక్కలు అటు మేకకి పడెయ్యి.

ఫిలెమోను తాత గురించి చెప్పాలి నీకు, లేకపోతే ఏమీ అర్థం కాదు. కమాంగా వంశం ముసలాయన, చర్చి సంఘపెద్ద. భార్య పోయింది, పిల్లలు లేరు, ఒక కన్ను అసలు కనపడదు, రెండోది సగం. చేపల బుట్టలు అల్లుకుంటూ చర్చి వెనకాల గుడిసెలో ఉండేవాడు. ఆయనకి మధ్యాహ్నం కూడు పెట్టేది మా వదిన. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. రోజూ కంచం మీద కంచం మూసి తీసుకెళ్ళేది. ఆయన చేత్తో తడిమి చూసి, ‘ఇవాళ చేపలు ఎన్ని?’ ‘ఆరు తాతా.’ ‘నహూముకి ఎన్ని పెట్టావు?’ ‘నాలుగు.’ ‘నేను నీ మొగుడి పొట్ట కొడుతున్నానన్నమాట’ అని ఆరూ తినేవాడు. మా అమ్మ పోయిన తర్వాత ఊళ్ళో ఆవిడతో మనస్ఫూర్తిగా మాట్లాడింది ఆయనొక్కడే అనుకుంటా. ఒకరోజు ఆవిడే అడిగిందంట, ‘తాతా, నేను ఎన్నిసార్లు మోకరించినా ఈ భయం పోదేంటి?’ అని. ఆయన బుట్ట అల్లడం ఆపలేదంట. ‘మా అమ్మని పదమూడో ఏట పట్టుకుపోయారు’ అన్నాడంట. అమ్మకానికి. ఆ రోజుల్లో ఇక్కడంతా అదేగా. మెడకి పంగకర్ర బిగించి, నడిపించి, సరస్సు దాటించడానికి రేవులో కూర్చోబెట్టారు. ఈలోగా ఆ మనుషుల్ని అమ్మేవాడు కొట్లాటలో ఓడిపోయాడు, వాడి కోట తగలబడింది, కర్రలు కోసి అందర్నీ వదిలేశారు. ‘మా అమ్మ ఇంటికొచ్చింది. పెళ్ళయింది, నన్ను కంది, ముసల్దయింది. చచ్చేదాకా మెడ ఒక పక్కకి వంచుకునే నడిచింది తల్లీ. కర్ర లేదు, వాడు లేడు. మెడకి మాత్రం తెలీలేదు. నువ్వూ అంతే. చావనేవాడు ఓడిపోయాడు, ప్రభువు మూడో రోజునే సమాధిలోంచి లేచి వాడి కోట తగలబెట్టాడు. నీ మెడకి ఎవరూ చెప్పలేదు.’ మా వదిన ఊరుకుంటుందా, ‘చెప్తే వింటుందా తాతా మెడ?’ అంది. ‘మా అమ్మది వినలేదు. నీది వింటుందేమో చూద్దాం’ అన్నాడంట ముసలాయన. చూడు, మంత్రం వేసినట్టు పోగొడతానని చెప్పలేదు. అందుకే ఆయన మాట నమ్మబుద్ధేసేది.

తర్వాత గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు. ఇప్పుడు మీరు కలరా అంటారుగా, అదే. వానలు మొదలైన నెల. రేడియోలో దక్షిణాన వచ్చిందన్నారు, మనకేంలే అనుకున్నాం. ముందు ఇద్దరు చేపలోళ్ళు, అన్నదమ్ములు, పొద్దున వల లాగారు, పొద్దు గూకేలోపు ఇద్దరూ లేరు. నీళ్ళలా కారిపోయింది మనిషి ఒంట్లోంచి. కళ్ళు లోపలికి పోయి, వేళ్ళు ముడతలు పడి, నిన్న చూసిన మనిషిని ఇవాళ గుర్తుపట్టలేం. ఊరు ఊరంతా లేచి కొండ మీద తోటల్లోకి పోయింది. దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. మిషను ఆసుపత్రి నుంచి కాంపౌండరు ఒకడొచ్చాడు, సిక్వేసే అని, సన్నగా, గొడుగు పట్టుకుని. బడిలో బల్లలు తీసేసి జబ్బు మనుషుల్ని అక్కడ పడుకోబెట్టమన్నాడు. ‘ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టాలి, ఆపకుండా పట్టాలి. పడితే బతుకుతారు. నాకు పదిమంది కావాలి’ అన్నాడు. కొండ అంచు మీద నిలబడి విన్నాం అందరం. ఒక్కడు దిగలేదు. నేనూ దిగలేదు. నా మొగుడు అప్పుడు జోహానెస్‌బర్గ్ గనుల్లో ఉన్నాడు, చంటిది నా వీపు మీద ఉంది. ఆ సాకు చాలు నాకు.

మా వదినా కొండ మీదే ఉంది, మా అందరికంటే పైన. మధ్యాహ్నమైంది. చూస్తే లేచి ముద్ద కలుపుతోంది, కంచం మీద కంచం మూస్తోంది. అన్నయ్య, ‘ఎక్కడికే?’ అన్నాడు. ‘తాతకి కూడెవరు పెడతారు?’ ‘పిచ్చిదానా, అక్కడ గత్తర.’ ‘గడప దగ్గర పెట్టొచ్చేస్తాను.’ దిగింది. అన్నయ్యకి కాలు బెణికి ఉంది, నా వంక చూశాడు. మాటల్లేకపోయినా వదిన వదినే కదా. చంటిదాన్ని అన్నయ్యకిచ్చి వెనకాల వెళ్ళాను, దూరం దూరంగా. అందుకే ఇది ఎవరో చెప్పింది కాదు, నా కళ్ళతో చూసింది. గుడిసె ముందు మామిడి చెట్టు ఉండేది, దాని వెనక నిలబడ్డాను. మా వదిన గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల నుంచి వాసన. ముసలాయన నేల మీద పడున్నాడు, కనపడుతోంది. ‘ఎవరు?’ ‘నేనే తాతా, తఫ్వాచిని.’ ‘కంచం అక్కడ పెట్టి వెళ్ళిపో తల్లీ. నాకూ పట్టింది.’ ఈవిడ వెళ్ళలేదు, లోపలికీ పోలేదు. ‘తాతా, నాకు భయంగా ఉంది.’ ‘ఉంటుంది.’ ‘నాకు విశ్వాసం లేదు తాతా. ఉంటే లోపలికొచ్చేదాన్ని.’ ఆయన మోచేతి మీద ఇటు ఒత్తిగిల్లాడు. తర్వాత మెల్లగా అన్నాడు, ‘సిలువకి ముందు రాత్రి ఆ తోటలో ప్రభువుకి అంత చెమట ఎందుకు పట్టిందంటావు? ఎండకా? ఆయనకీ వద్దనిపించింది. నాకొద్దు నాన్నా అని అడిగాడు కూడా. అడిగి, వెళ్ళాడు. నువ్వు చూసి భయపడే ఆ చావు గదిలో ఆయన ఒకసారి పడుకుని లేచాడు తల్లీ. నిన్ను రమ్మని నేననను. రావాలనుంటే మాత్రం భయం పోయేదాకా ఆగకు, అది పోదు. దాన్ని కూడా చంకనేసుకుని రా.’

అప్పుడు మా వదిన ఏం చేసిందో తెలుసా? కంచాలు దింపింది. కాలెత్తబోయింది, కాలు రాలేదు. నిజంగా రాలేదమ్మా, కొయ్యలా ఐపోయింది. ఇంకొకరైతే వెనక్కి తిరిగేవాళ్ళు. ఈవిడ గడప మీద చతికిలబడింది. కూర్చుని, చేతులు నేలకానించి, చిన్నపిల్లలు జరుగుతారు చూడు, అలా కూర్చునే జరుక్కుంటూ లోపలికి పోయింది. ముప్పైనాలుగేళ్ళ మనిషి. చెట్టు వెనకాల నాకు నవ్వొచ్చింది మొదట, దేవుడు నన్ను క్షమించాలి. తర్వాత నవ్వు పోయింది. ముసలాయన చూసీచూడని కంటితో చూసి, ‘ఇదేం నడకే’ అన్నాడు. ‘ఇదే వచ్చింది తాతా’ అంది. ‘చాల్లే, ఇలా వచ్చినవాళ్ళని కూడా ఆయన వెనక్కి పంపడు’ అన్నాడు.

నేను వెనక్కి కొండెక్కేశాను. ఆవిడ ఆ పూటంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్ళు పట్టింది ఆయనకి. ముసలి ఒళ్ళు, నిలవలేదు. ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి నేనడిగాను, ‘వదినా, ఆ టైములో నీకేమనిపించింది?’ అని. చెప్పింది. ‘తొమ్మిదేళ్ళప్పట్నుంచీ నేను ఎదురుచూస్తున్నాను దోర్కా, ఏదో లోపలికొస్తుందని. ఏదో నల్లగా, పెద్దగా. ఆయన ఊపిరి ఆగింది, నేను తలుపు వంకే చూస్తున్నాను. ఏమీ రాలేదు. ఈ గదిలో ముందే ఎవరో వచ్చి కూర్చున్నట్టుంది, అందుకని దానికి చోటు లేనట్టుంది. బయట కోడి అరిచింది. నేను లేచి నీళ్ళు కాచాను.’ ఇంతే చెప్పింది. మెరుపు మెరిసిందనో, స్వరం వినపడిందనో చెప్పొచ్చుగా, ఎవరు కాదంటారు? చెప్పలేదు. కాంపౌండరు సున్నం నీళ్ళిచ్చాడు, ఆయన్ని తనే కడిగింది. జీవితంలో మొదటిసారి శవాన్ని ముట్టుకుంది. గొయ్యి తవ్వడానికి మనుషుల్లేరు, మా అన్నయ్య కుంటుకుంటూ దిగొచ్చాడు, ఆ కాంపౌండరు చొక్కా విప్పాడు, ముగ్గురూ తవ్వారు. గంట కొట్టింది ఎవరనుకున్నావు? మా వదినే. ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ. కొండ మీద మేమందరం విని ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.

అక్కడ నుంచి తిన్నగా బడికి పోయింది. పదిహేడు రోజులు ఇంటికి రాలేదు. నలభై మందికి పైనే తెచ్చి పడేశారు అక్కడ, అందులో పోయింది తొమ్మిది మంది. కాంపౌండరు తర్వాత అందరికీ చెప్పుకున్నాడు, ఈవిడ లేకపోతే ఆ లెక్క తిరగబడేదని. ఆవిడ దిగిందని చూసి ఇంకో ఇద్దరు దిగారు, తర్వాత నలుగురు. సిగ్గేసింది కదా జనానికి. ‘చావంటే పారిపోయే తఫ్వాచి దిగింది, నీకేమైంది’ అని మగాళ్ళని పెళ్ళాలు పొడిచారు. నేనా? నేను దిగలేదు. నన్ను దింపారు. ఐదో రోజున నాకు పట్టింది. కొండ మీద అందరూ నా నుంచి జరిగిపోయారు, ఒక్కదాన్నీ పడున్నాను చెట్టు కింద. చంటిది అన్నయ్య దగ్గర ఏడుస్తోంది, వినపడుతోంది, ముట్టుకోలేను. ఎవరో కబురు చెప్పారు కాబోలు, చూస్తే మా వదిన. వీపు తిప్పి కూర్చుంది, నా చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, చంటిపిల్లని కట్టుకున్నట్టు గుడ్డతో నన్ను వీపుకి కట్టుకుంది. కొండ దిగింది. నేనేం సన్నగా ఉండేదాన్ని కాదమ్మా. దారంతా ఆవిడ ఒంటి మీదంతా పాడు చేశాను. ఒక్కసారి ఆగలేదు.

బడిలో పడుకోబెట్టి చెంచా పట్టుకుంది. నాకు ఏడుపొస్తోంది, కన్నీళ్ళు రావట్లేదు, ఒంట్లో నీళ్ళుంటేగా. ‘వదినా, ఆ రోజు బావి దగ్గర నేను’ అని మొదలుపెట్టాను. ‘నోరు తెరు. మాటలక్కాదు, నీళ్ళకి’ అంది. మింగాను. మళ్ళీ, ‘వదినా, అమ్మ చావుకి నువ్వు రాలేదని’ అన్నాను. ‘రాలేదు. తప్పే. తెరు.’ అదీ మా మధ్య క్షమాపణ. ఇద్దరిదీ ఆ చెంచాలోనే అయిపోయింది. సాయంత్రానికి కాళ్ళు పీకడం మొదలైంది, చూపు మసకేసింది. అప్పుడడిగాను, ‘నేను చచ్చిపోతానా?’ అక్కడ చచ్చేవాళ్ళందరికీ పక్కవాళ్ళు ‘ఛ ఛ, నీకేం కాదు’ అంటారుగా. ఆవిడ అనలేదు. ‘తెలీదు దోర్కా’ అంది. ‘బతికితే మంచిదే, నీ పిల్ల ఉంది. పోతే ఒంటరిగా పోవు. ఈ పక్క నుంచి నేను వస్తాను, నీ చెయ్యి పట్టుకుని. ఆ పక్క నుంచి ఆయన వస్తాడు. మధ్యలో నిన్నెవరూ వదిలెయ్యరు.’ ఆ మాటతో నాకు నిద్ర పట్టింది. అంత జబ్బులో నిద్ర. ఆవిడ చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది సుమా, చెంచా నా పళ్ళకి తగిలి టిక్కుటిక్కుమంటోంది. వణుకుతూనే పట్టింది.

అప్పట్నుంచి మా వదినకి వేరే పనే లేకుండా పోయింది. రేవు నుంచి కొండ దాకా, ఆ పైన కాఫీ తోటల దాకా, ఎవరికి ఆఖరి ఘడియ వచ్చినా ‘తఫ్వాచిని పిలవండి’ అనేవాళ్ళు. ప్రార్థన పొడుగ్గా చేసేది కాదు. కూర్చునేది, చెయ్యి పట్టుకునేది, పాడమంటే పాడేది. ఇప్పుడు ఏ చరణం దగ్గరా దగ్గు వచ్చేది కాదు. ఒక మూలికల వైద్యుడుండేవాడు, ఊరందరికీ తాయెత్తులు కట్టినవాడు, చర్చివాళ్ళంటే పడదు. వాడికి జబ్బు చేసి, ఒంటి నిండా తాయెత్తులతో పడున్నాడు. ఈవిణ్ణి పిలిపించి, ‘నాకు బోధలు చెప్పకు. కూర్చో చాలు’ అన్నాడంట. ‘సరే’ అని రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు వాడే, ‘నీకు భయం వెయ్యదా?’ అన్నాడు. ‘వేస్తుంది.’ ‘మరి?’ ‘వేసినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో నాకు తెలుసు.’ వాడు ఒక్కొక్క తాయెత్తే తెంపి ఆవిడ చేతిలో పెట్టాడు. ప్రార్థన చేసుకున్నాడో లేదో నాకు తెలీదు, ఆవిడ చెప్పలేదు. మనుషులు పోయేముందు చెప్పుకున్నవి ఆవిడ ఎవరికీ చెప్పేది కాదు. నేను ఎంత గుచ్చి గుచ్చి అడిగేదాన్నో. ‘నీ నోరు రేవంత ఉంటుంది దోర్కా’ అనేది.

నీకు రెండేళ్ళప్పుడు ఆవిడ పోయింది. నిన్ను తెచ్చి చూపించారు, గుర్తుండదులే. లోపలేదో పుండు, ఆర్నెల్లు మంచం మీదుంది. ఆర్నెల్లూ నవ్వుతూనే ఉంది, నొప్పి వచ్చినప్పుడు తప్ప. నేననుకున్నాను, ఇంకేముంది, ఈవిడ మహాతల్లి, దీపం కొండెక్కినట్టు హాయిగా వెళ్ళిపోతుందని. చివరి రోజు పొద్దున, సరస్సు అద్దంలా ఉంది, ఆడవాళ్ళు రేవులో ఉసిపా చేపలు ఆరేస్తున్నారు. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కళ్ళు పెద్దవైపోయాయి, ఒళ్ళంతా వణుకు. ‘వచ్చిందే దోర్కా’ అంది. ‘ఏంటి వదినా?’ ‘పాతది. అదే భయం. తొమ్మిదేళ్ళప్పటిదే.’ నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతమందికి ధైర్యం చెప్పిన మనిషికే ఇలా అయితే మాబోటి వాళ్ళ గతేంటి? ‘పాస్టరు గారిని పిలవనా?’ అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఊపిరి తీసుకుని, ‘రానీ. కూర్చోనీ. దానికిప్పుడు నా మీద హక్కు లేదు, ఊరికే చూడ్డానికొచ్చింది. నువ్వు పాడు’ అంది. నేను పాడాను. కంగార్లో మొదటి చరణం తర్వాత మూడోది ఎత్తుకున్నాను. కళ్ళు మూసుకునే ఉంది, ‘రెండోది మింగేశావు’ అంది. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను. రెండో చరణం సగంలో నా మణికట్టు మీద వేళ్ళు వదులయ్యాయి. పోయిందనుకుని ఆపాను. ‘ఆపకు’ అంది. వణుకు పోయింది, మొహం తేటగా ఉంది. ఇంకో రెండు పాటలు పాడాక, ఏ పదం దగ్గరో నాకు తెలీదు, వెళ్ళిపోయింది. నేను పాట పూర్తి చేశాను. మధ్యలో ఆపితే తిడుతుందని.

చావుకి ఎవరొస్తారన్నానా? మూడు రోజులు దోనెలు వస్తూనే ఉన్నాయి. రేవులో కట్టడానికి చోటు లేక రాళ్ళ మీదికి లాగారు. ఆవిడ చెయ్యి పట్టుకుని సాగనంపిన మనుషుల పిల్లలు, మనవలు. ఆ కాంపౌండరు సిక్వేసే ముసలివాడై కర్ర పట్టుకుని వచ్చాడు. కొంతమంది పాటలు పాడారు, కొంతమందికి పాటలు రావు, ఊరికే నిలబడ్డారు. కడిగింది నేనే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఊఁ. నువ్వెందుకడిగావో నాకు తెలుసులే. రేపు నన్ను ఎంజూజు ఆసుపత్రికి తీసుకెళ్తావు, ఆపరేషనని వాళ్ళు కత్తి పెడతారు, ముసల్ది ధైర్యం తెచ్చుకుంటుందని చెప్పించావు. తెలివైనదానివే. లేదమ్మా, నేను మా వదినని కాను. నాకు భయమే. ఇన్ని మాటలు అందుకే ఆడాను. ... ఆ పెండలం లోపల పెట్టు, చినుకులు పడతాయి. దుప్పటి పెట్టావా సంచిలో? ఆసుపత్రి దుప్పట్లు నాకు గుచ్చుకుంటాయి. నీకు పాటలేమైనా వచ్చా? చర్చి పాటలే, రేడియోవి కాదు. రావా? ఒక్కటీ? సరే, బస్సులో నేర్పుతాను. రెండో చరణం మాత్రం మింగకు.